గుమ్మడిపాలెం మీదుగా సున్నా రేఖ

ఉపాధ్యాయులు దేశం దాటడానికి మా కార్యాలయం గుర్తించిన కారణాలు నాలుగు: కూతురి పురుడు, గుండె ఆపరేషను, పుణ్యక్షేత్రం, ప్రభుత్వం పంపిన శిక్షణ. వీటిలో ఏదో ఒకటి ఉంటే దాటొచ్చు. లేకపోతే ఉన్నచోటే ఉండాలి.

ఈ నిబంధన గాల్లోంచి ఊడిపడలేదు. ఆమధ్య ఒక డ్రాయింగు మాస్టారు ఊరికే చూసొస్తానని వియత్నాం వెళ్లాడు. ఆయన తిరిగి రాకపోయి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పారిపోయిన ఉద్యోగుల విషయంలో మాకు స్పష్టమైన ఉత్తర్వులున్నాయి. కానీ ఆయన తిరిగొచ్చాడు. పైగా హుషారుగా వచ్చాడు. ఆ ఏడాదంతా స్టాఫ్ రూములో నవ్వుతూ కూర్చున్నాడు. మిగతావాళ్ల మనసులు చెదురుతున్నాయని హెడ్మాస్టరు ఫిర్యాదు చేస్తే, విచారణ జరిపి, 'అకారణ విదేశీ ప్రయాణాల నియంత్రణ ఉత్తర్వు' తీసుకొచ్చారు. దాన్ని అమలు చేసేది ప్రాంతీయ పాఠశాలల సంచాలక కార్యాలయంలో సి-సెక్షను. ఆ సెక్షనుకు సూపరింటెండెంటును నేను. నా పేరు లింగమూర్తి.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు నా బల్ల ముందుకొచ్చారు. ముందున్నావిడ యర్రంశెట్టి మాణిక్యాంబ, గుమ్మడిపాలెం హైస్కూల్లో సోషల్ టీచరు, వచ్చే వేసవిలో రిటైరవుతుంది. వెనకాల చేతిసంచీ పట్టుకుని నిలబడింది ఆమె ఆడపడుచు నూకరత్నం. ఊళ్లో టైలరింగు షాపు నడుపుతుంది.

"ఘనా వెళ్లాలండి, అనుమతి కోసం వచ్చాను," అంది మాణిక్యాంబ.

"ఘనా ఎక్కడుందమ్మా?"

"పశ్చిమాఫ్రికాలో అండి. సముద్రం ఒడ్డునే."

"అక్కడ మీవాళ్లు ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"ఎవరూ లేనిచోటికి ఎందుకమ్మా?"

"ఎవరైనా ఉంటే వాళ్లని చూడ్డంతోనే సరిపోద్దండి. ఎవరూ లేరు కాబట్టి ఊరు చూడొచ్చు."

నేను నాలుగు కారణాలూ చదివి వినిపించాను. పోనీ అక్కడ పురుడు పోసుకునే దూరపు బంధువులెవరైనా ఉన్నారేమో గుర్తు చేసుకోమన్నాను. నూకరత్నం ముందుకొచ్చింది.

"మరీ అంత తప్పదంటే నేనే పోసుకోవాలండి బాబూ. ఈ వయసులో అంటే ఊళ్లోవాళ్లు ఏవంటారో గానీ."

మాణిక్యాంబ ఆడపడుచు చెయ్యి పట్టి వెనక్కి లాగి, అసలు సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆవిడ తొమ్మిదో తరగతికి అక్షాంశాలు, రేఖాంశాలు చెబుతోంది. సున్నా డిగ్రీల రేఖాంశం ఇంగ్లండులో గ్రీనిచ్ మీదుగా పోతుందని చెప్పి పుస్తకం ఊరుకుంటుంది. ఆ గీత అక్కడ ఆగదు. కిందికి దిగి, ఎడారి దాటి, ఘనాలో టెమా అనే రేవు పట్నం మీదుగా సముద్రంలో పడుతుంది. ఆ సముద్రంలోనే ఇంకా కిందికి పోతే భూమధ్యరేఖ తగులుతుంది. రెండు సున్నాలూ కలిసే ఆ చోటుకు దగ్గర్లో ఉన్న దేశం ఘనాయే.

"ఏటా ఎవరో ఒక పిల్లో పిల్లాడో లేచి, మీరు చూశారా టీచర్ అని అడుగుతారండి. లేదమ్మా అని చెప్పీ చెప్పీ నాకు సిగ్గేస్తోంది. టెమాలో ఆ గీత మీద ఒక్కసారి నిలబడి రావాలి. అంతే."

"రిటైరయ్యాక వెళ్లండి. అప్పుడు మా అనుమతే అక్కర్లేదు."

"అప్పుడు వెళ్లొచ్చి ఎవరికి చెప్పనండి? ఈ తొమ్మిదో తరగతే నాకు ఆఖరిది. దసరాకి వెళ్లొస్తే వాళ్లకైనా చెప్పుకుంటాను."

ప్రయాణం సన్నాహాలు అప్పటికే చాలా దూరం వచ్చాయి. ఇద్దరూ విశాఖ వెళ్లి ఎల్లో ఫీవరు టీకా వేయించుకొచ్చారు. అది లేనిదే ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరట. దసరా నాటికి అక్కడ వానలు ఎలా ఉంటాయో, ఏ వీధిలో గది తీసుకోవాలో మాణిక్యాంబకి కంఠతా వచ్చు. నూకరత్నానికి టెమాతో పని లేదు, సున్నాతోనూ పని లేదు. ఆవిడకి కావలసింది ఘనా రాజధాని అక్రాలో ఉన్న మకోలా బజారు.

"రంగురంగుల తానులు కొండల్లా పేర్చుకుని, మధ్యలో ఆడాళ్లు మహారాణుల్లా కూచుంటారండి. ఫోన్లో చూశాను. ఆ అంచు కుట్టు ఎలా వేస్తారో దగ్గర కూచుని చూడాలి. ఆవకాయ సీసాలకి గుడ్డలు కట్టేశానండి, మీరు సంతకం పెడితే పెట్టెలో సర్దేస్తాను."

నేను సంతకం పెట్టలేదు. 'కారణము: చూచుటకు. ఇట్టి కారణము నిబంధనలలో లేదు. తగు ఆదేశములకై' అని రాసి పైకి పంపాను.

పైన ఉన్నది జాయింట్ డైరెక్టరు డాక్టర్ చిట్టూరి ఇంద్రసేన్ గారు. తోసిపుచ్చడానికి ఒక్క మాట చాలుననుకున్నాం. కానీ ఆయన ఏ విషయాన్నీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. మాణిక్యాంబని విచారణకు పిలిపించారు. బల్ల మీద తొమ్మిదో తరగతి సోషల్ పుస్తకం తెరిచి ఉంది.

"ఈ పుస్తకం ఎవరు ప్రచురించారమ్మా?"

"ప్రభుత్వమండి."

"ఇందులో రేఖాంశాలను ఏమని నిర్వచించారు?"

"ఊహారేఖలనండి."

"చూశారా. ప్రభుత్వం ఊహ అని నిర్ధారించిన దాన్ని ప్రభుత్వ ఉద్యోగి స్వయంగా వెళ్లి చూసొస్తే పర్యవసానాలు ఎలా ఉంటాయో యోచించారా? చూశానంటే పాఠ్యపుస్తకం తప్పవుతుంది. చూడలేదంటే ప్రయాణం నిరర్థకమవుతుంది. ఈ రెండింటిలో దేనికీ ఈ కార్యాలయం బాధ్యత వహించజాలదు."

"గీత కనపడదని నాకు తెలుసండి. నేను చూస్తాననడం లేదు. నిలబడతానంటున్నాను."

"కనపడని గీత మీద నిలబడటానికి అంత దూరం దేనికి?"

అడిగిన ఆ ప్రశ్న ఆయనకే నచ్చింది. కళ్లు మూసుకున్నారు. సార్ కళ్లు మూసుకున్నారంటే ఏదో పథకం వస్తోందని మా ఆఫీసులో బంట్రోతుకు కూడా తెలుసు.

"లింగమూర్తీ," అన్నారు కళ్లు తెరిచి. "ఊహారేఖను ఎక్కడైనా ఊహించుకోవచ్చు కదా?"

"ఊహించుకోవచ్చండి."

"మరి మన పిల్లలకు పరాయి దేశంలో ఉన్న గీతను ఎందుకు చెప్పాలి? ఈమె ఒక్కతే నిలబడి వస్తే ఏం ప్రయోజనం? ప్రతి విద్యార్థీ నిలబడాలి. రాసుకో."

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా సమస్త ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, సున్నా డిగ్రీల రేఖాంశమును స్థానికముగా అందుబాటులోనికి తెచ్చు నిమిత్తము, మన బడి - మన రేఖ పథకము కింద, ప్రతి పాఠశాల ఆవరణ గుండా సదరు రేఖ పోవునట్లు నిర్ణయించడమైనది. రేఖ తెలుపు రంగులో ఉండవలెను.'

మొదటి రేఖ గుమ్మడిపాలెంలోనే. త్రోబాల్ కోర్టుకు వేయగా మిగిలిన రంగుతో డ్రిల్లు మాస్టారు బోరింగు పంపు దగ్గర మొదలుపెట్టి వంటషెడ్డు గోడ దాకా గీశాడు. ఇంద్రసేన్ గారు రిబ్బను కత్తిరించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మాణిక్యాంబని స్వయంగా పిలిచి గీత మీద నిలబెట్టారు.

"ఎలా ఉందమ్మా?"

"ఇది గుమ్మడిపాలెమండి."

"ఇకమీదట రెండూ ఒకటే. మీరు శ్రమపడి వెళ్లనక్కర్లేకుండా శాఖే మీ దగ్గరకొచ్చింది."

'అభ్యర్థి కోరిక స్థానికముగా నెరవేర్చబడినది, కావున ప్రయాణమునకు కారణము మిగిలి లేదు' అని ఆమె దరఖాస్తు మీద రాశారు. ఆలోచన ఆమెవల్లే వచ్చింది గనక ఆమెను జిల్లా రేఖా సమన్వయకర్తగా నియమించారు. శాలువా కప్పారు. ఆ శాలువా భుజాన వేసుకుని ఆవిడ గేటు దాకా నాతో వచ్చింది.

"రిబ్బను కట్ చేస్తుంటే పిల్లలు నా మొహం చూశారండి," అంది. "టీచర్, ఇదేనా అని అడిగింది ఒకత్తి. ఇది కాదమ్మా అనలేకపోయాను."

నాకు బాధేసింది. సూపరింటెండెంట్లకు బాధ వేయకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. పక్కనే నూకరత్నం, గుడ్డ కట్టిన సీసాలు ఇప్పుడు విప్పాలా అలాగే ఉంచాలా అని అడిగింది. ఉంచమన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

పథకం జిల్లాలో అంటుకుంది. పక్క మండలంలో హెడ్మాస్టరు, మా బళ్లో పిల్లలు ఎక్కువని, రెండు రేఖలు మంజూరు చేయమన్నాడు. చేశాం. ఆడపిల్లల హైస్కూలు వాళ్లు తమ రేఖకు అటూ ఇటూ బంతిమొక్కలు నాటారు. ఒకచోట గోడ అడ్డొచ్చి రేఖ తూర్పు నుంచి పడమరకు గీశారు. ఇది తప్పేమో కనుక్కోమని మాణిక్యాంబ రాస్తే, దిశ సాంకేతిక విషయమని, ముఖ్యమైనది స్ఫూర్తి అని సార్ సమాధానమిచ్చారు. జిల్లా మొత్తం మీద సున్నా రేఖ పోని బడి లేదని పై కార్యాలయానికి నివేదిక పంపాం. అక్కడినుంచి ఇంద్రసేన్ గారికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన దాన్ని పటం కట్టించి, కుర్చీ వెనక, సరిగ్గా తలకు పైన తగిలించారు.

చిక్కు గుమ్మడిపాలెం హెడ్మాస్టరు ఆనందపాల్ గారితో వచ్చింది. పొద్దున్నే లేవడం ఆయనకు మొదట్నుంచీ పడదు. వేలిముద్రల హాజరు యంత్రం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన రోజూ తిట్లు తింటూనే ఉన్నాడు. ఒకరోజు ఆయన కార్యాలయానికి ఒక సందేహం రాశాడు. సున్నా రేఖాంశం దగ్గర ఉండే సమయానికీ మన దేశ సమయానికీ తేడా ఉంటుందని పుస్తకంలోనే ఉంది కదా, తమ బడి ఇప్పుడు సున్నా రేఖ మీద ఉంది గనక ఏ సమయం పాటించాలి అని.

ఇంద్రసేన్ గారు సమన్వయకర్తని అడిగారు. మాణిక్యాంబ పాఠంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"అక్కడ గడియారం మనకన్నా అయిదున్నర గంటలు వెనక నడుస్తుందండి. మనకి మధ్యాహ్నం రెండున్నర అయితే అక్కడ పొద్దున తొమ్మిది."

"అంటే మన బడి..."

"రేఖ నిజమైతే అంతేనండి."

సార్ తలకు పైన ప్రశంసాపత్రం ఉంది. రేఖ నిజం కాదని ఆయన అనలేరు. 'రేఖా సమయము పాటించవలెను' అని సంతకం పెట్టారు.

మర్నాటి నుంచి ఆనందపాల్ గారు మధ్యాహ్నం భోంచేసి, ఓ కునుకు తీసి, బడికి వేళకి వచ్చేవాడు. హాజరు యంత్రం ఆయన్ని మెచ్చుకుంటున్నట్టు పచ్చదీపం వెలిగించేది. మధ్యాహ్న భోజనం దీపాలు పెట్టే వేళకి వడ్డించేవారు. కాలవ అవతలి ఊళ్ల పిల్లలకు తిరుగు బస్సు దొరికేది కాదు. పాపం వాళ్లను ట్రాక్టర్ల మీద పంపేవారు. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి, పొద్దున్నంతా ఈ పిల్లల్ని ఇంట్లో పట్టలేక చస్తున్నాం అని బడి ముందు గోల పెట్టారు. ఇప్పుడింకా తెల్లవారుజామేనని, కాస్త నెమ్మదిగా మాట్లాడమని ఆనందపాల్ గారు వాళ్లను కోరాడు. నెల తిరిగేసరికి జిల్లాలో బళ్లన్నీ మధ్యాహ్నం బళ్లయ్యాయి. టీచర్లలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

అప్పుడొచ్చింది మాణిక్యాంబ రెండోసారి. ఈసారి సంచీ ఆవిడ చేతిలోనే ఉంది. నిలబడిన తీరు కూడా వేరుగా ఉంది.

"సార్, నేను రేఖా సమన్వయకర్తని. గుమ్మడిపాలెం సున్నా రేఖ మీద ఉందని శాఖ ఉత్తర్వు. టెమా కూడా సున్నా రేఖ మీదే ఉంది. రెండూ ఒకే గీత కదండీ?"

"ఒకే గీత," అన్నాను.

"రెండు చోట్లా ఒకే టైము కదండీ?"

"ఒకే టైము."

"పంపు దగ్గర నుంచి వంటషెడ్డు దాకా గీత బాగుందో లేదో రోజూ చూస్తున్నానండి. గీత అక్కడితో ఆగదు కదా. సముద్రంలో పడే దాకా పోయి చూడాల్సిన బాధ్యత నాది. ఒకే గీత మీద అటూ ఇటూ తిరగడం విదేశీ ప్రయాణం ఎలా అవుతుందండి? గీత దాటడం లేదు కదా నేను."

నేను ఆమె మొహం చూశాను. నవ్వు లేదు. తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నట్టు ఉంది. నా ఉద్యోగ జీవితంలో అంత శుభ్రమైన వాదన వినలేదు. లోపల్లోపల ఎగిరి గంతేశాను, పైకి మాత్రం కళ్లజోడు తుడుచుకున్నాను. 'ప్రయాణము రేఖ వెంబడి జరుగునది. రేఖ శాఖాపరమైనది. శాఖకు ఖర్చు లేదు. ఆమోదించవచ్చును' అని రాశాను.

ఇంద్రసేన్ గారు ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకున్నారు.

"కాదంటే ఏమవుతుంది లింగమూర్తీ?"

"ఇక్కడి రేఖా అక్కడి రేఖా వేరువేరని మనమే ఒప్పుకున్నట్టవుతుందండి. అప్పుడు పై కార్యాలయానికి పంపిన నివేదిక..."

ఆయన వెనక్కి తిరిగి ప్రశంసాపత్రం వంక చూశారు. 'రేఖ వెంబడి స్థానిక పర్యటనకు అనుమతి' అని సంతకం పెట్టారు.

దసరా సెలవులు ఇంకా ఇవ్వకముందే వదిన మరదళ్లు బయల్దేరారు. ఇది సెలవు కాదు కదా, విధి. విమానం ఎక్కేముందు నూకరత్నం నాకు ఫోన్ చేసి, "సీసాలు విప్పలేదండోయ్, మంచి మాట చెప్పారు," అంది.

వాళ్లు అక్కడ ఉండగానే ఇక్కడ కొంప మునిగింది. ప్రశంసాపత్రం పంపిన కమిషనరు గారికే, ఆ పథకాన్ని కళ్లారా చూడాలనిపించింది. చెప్పాపెట్టకుండా ఉదయం పదింటికి గుమ్మడిపాలెం వచ్చి దిగారు. గేటుకి తాళం. లోపల గీత మీద ఒక కుక్క పడుకుని ఉంది. వంటావిడ మాత్రం గేటు పక్క అరుగు మీద కూర్చుని కూర తరుగుతోంది.

"మాస్టార్లేరీ?" అన్నారు కమిషనరు.

"ఇంకా తెల్లారలేదండి," అంది వంటావిడ.

ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. కమిషనరు గారు ఆకాశం వంక చూసి, చేతి గడియారం చూసుకుని, మళ్లీ ఆవిడ వంక చూశారట.

ఆ సాయంత్రమే ఉత్తర్వు దిగింది. 'మన బడి - మన రేఖ పథకము రద్దు చేయడమైనది. సదరు రేఖలు మొదటినుండియు లేనట్లే భావించవలెను.' మర్నాడు జిల్లా అంతటా గీతలు గీకి చెరిపేశారు. ప్రశంసాపత్రం గోడ మీద నుంచి దిగిపోయింది, మేకు మాత్రం మిగిలింది.

'మొదటినుండియు' అనే మాట దగ్గర నా కలం ఆగింది. రేఖ మొదటినుంచీ లేకపోతే, దాని వెంబడి స్థానిక పర్యటన కూడా లేదు. అయితే మాణిక్యాంబ వెళ్లింది ఎక్కడికి? అనుమతి లేకుండా పరాయి దేశానికి. అలా వెళ్లినవాళ్లకు ఏం జరుగుతుందో నాకన్నా బాగా ఎవరికీ తెలీదు. రిటైర్మెంటు ముందు శిక్ష పడితే పెన్షను ఆగుతుంది. భయపడ్డాను.

సెలవులయ్యాక విచారణ. మాణిక్యాంబ వచ్చింది. ఎండకు కమిలి, కాస్త చిక్కింది. కానీ మొహం ఆ వియత్నాం డ్రాయింగు మాస్టారి మొహంలా ఉంది. ఆ మొహం ఎంత ప్రమాదమో శాఖకు తెలుసు.

"మీరు ఘనా దేశానికి ఎలా వెళ్లారో వివరణ ఇవ్వండి," అన్నారు ఇంద్రసేన్ గారు.

"రేఖ వెంబడి వెళ్లానండి. మీరే సంతకం పెట్టారు."

"ఆ రేఖ మొదటినుంచీ లేదు."

"మరైతే మీ సంతకం దేనికి పెట్టారండి?"

ఆమె వెళ్లిందంటే, లేని రేఖ మీద విదేశీ ప్రయాణానికి సంతకం పెట్టిన అధికారి ఎవరనే ప్రశ్న వస్తుంది. ఆ అధికారి రిటైర్మెంటు కూడా ఎంతో దూరంలో లేదు. సార్ కళ్లు మూసుకున్నారు. ఈసారి పథకం రాకూడదని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"మాణిక్యాంబ గారూ," అన్నారు కళ్లు తెరిచి, గొంతు తగ్గించి. "మీరు వెళ్లలేదు."

"వెళ్లానండి."

"కాదమ్మా. ఆలోచించండి. రేఖే లేనప్పుడు దాని వెంబడి ఎలా వెళ్తారు? మీరు సెలవుల్లో ఇంటి దగ్గరే ఉన్నారు. అలా రాసిస్తే మీ పెన్షనుకు ఏ ఆటంకమూ ఉండదు. నేను కూడా ప్రశాంతంగా ఉంటాను. తరగతిలో మాత్రం ఘనా వెళ్లానని ఎక్కడా అనకూడదు. అది షరతు."

ఆవిడ మొహంలో వెలుగు పోయింది. ఇన్నేళ్లూ లేదమ్మా, లేదమ్మా అని చెప్పిన మనిషి. చెప్పుకోవడం కోసమే అంత దూరం పోయొచ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ వంక చూడాలంటే మొహం చెల్లలేదు.

"కాగితం మీద వెళ్లలేదనే రాసుకోండి సార్," అంది. "ఎక్కడ సంతకం పెట్టమంటారో చెప్పండి. పిల్లలకి మాత్రం నిన్ననే చెప్పేశాను."

సార్ ఉలిక్కిపడి, ప్రయాణం జరగలేదనే విషయాన్ని క్షేత్రస్థాయిలో ధ్రువీకరించి రమ్మని నన్ను గుమ్మడిపాలెం పంపారు. తొమ్మిదో తరగతిలోకి వెళ్లాను. మాణిక్యాంబ పక్కన నిలబడింది.

"మీ టీచరు గారు దసరాకి ఎక్కడికైనా వెళ్లారా?" అని అడిగాను.

"లేదండీ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. అంత చక్కగా ఎవరు నేర్పారో మరి.

బాగుంది అనుకుని, మొదటి బెంచీలో అమ్మాయిని పేరడిగాను.

"అకువా అండి."

"అదేం పేరు?"

"బుధవారం పుట్టానండి. అక్కడ బుధవారం పుట్టిన ఆడపిల్లలు అకువాలండి. వీడు క్వామే, శనివారం. ఆ మూల కూచున్నది అబెనా." ఆ పిల్లకు ఊపు వచ్చింది. "మన ఎండురొయ్యల కారంలాంటిదే నల్లగా ఒకటి ఉంటుందండి వాళ్లకి, షితో అంటారు. నూకరత్నమ్మ గారు మన ఆవకాయ ఒక సీసా ఇచ్చి అది ఒక సీసా తెచ్చుకున్నారండి. బజార్లో ఒకావిడ పక్కన రోజంతా కూచుని అంచు కుట్టడం నేర్చుకున్నారండి. ఒకరి మాట ఒకరికి రాదంట."

"మరి గీత?" అన్నాను. అడగవలసిన ప్రశ్న కాదు, నోరు జారింది.

"గీత కనపడదండి. కానీ నిలబడితే ఒక కాలు తూర్పులో ఉంటది, ఒక కాలు పడమట్లో ఉంటది. టీచర్ గారు అలా నిలబడి ఏడ్చేశారంట. ఎందుకో ఆవిడకే తెలీదంట."

"ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

తరగతి మొత్తం పుస్తకాల్లోకి తలలు దించుకుంది. మాణిక్యాంబ బల్ల మీద సుద్దముక్కలు సర్దుతోంది. కొత్త జాకెట్టు చేతులకు నేనెప్పుడూ చూడని అంచు ఉంది. నీలం, పసుపు.

"సార్," అంది అకువా. "మీరు ఏ వారం పుట్టారండి?"

"శుక్రవారం."

"అయితే మీరు కోఫీ అండి. మీరు ఎక్కడెక్కడికి వెళ్లారండి?"

విదేశీ ప్రయాణాల సెక్షను చూస్తున్న మనిషిని. జిల్లా దాటి నేను వెళ్లిందల్లా పెళ్లిళ్లకు, పరామర్శలకు. ఆ పిల్ల జవాబు కోసం చూస్తూనే ఉంది.

"లేదమ్మా," అన్నాను.

ఆఫీసుకొచ్చి, 'ప్రయాణము జరగలేదని పిల్లలందరూ ముక్తకంఠముతో ధ్రువీకరించినారు' అని నివేదిక రాశాను. ఇంద్రసేన్ గారు సంతోషించారు. ఫైలు మూసేశాం. ఘనా నుంచి తెచ్చిన చాక్లెట్టు ఒకటి మాణిక్యాంబ నా సంచీలో పడేసింది. జరగని ప్రయాణం నుంచి వచ్చిన వస్తువును ఎక్కడ జమ చేయాలో ఉత్తర్వుల్లో వెతికితే దొరకలేదు. తినేశాను. కొంచెం చేదుగా, బాగుంది.

మర్నాడు నేనొక దరఖాస్తు పెట్టాను. దేశం: ఘనా. అక్కడ ఎవరున్నారు: ఎవరూ లేరు. కారణం: చూడ్డానికి. సెక్షనుకు వచ్చిన దరఖాస్తు గనక నిబంధనల ప్రకారం దాన్ని నేనే పరిశీలించాను. ఇట్టి కారణము నిబంధనలలో లేదని రాసి, తిప్పి నాకే పంపించాను. రేపు మళ్లీ పెడతాను.